చేదు చూసేవాణ్ణి

రాజమండ్రిలో మా బావమరిది ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేసిన రోజున, మా ఆవిడ తీసుకెళ్ళిన పళ్ళెం మీద గుడ్డ ఎత్తి చూసి, "ఏంటక్కా, భోజనానికి మేకలేమన్నా వస్తున్నాయా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎవరెవరు నవ్వారో, ఎవరు ఎక్కడ నిలబడి నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది. వాళ్ళ సంగతి మొదలుపెడితే ఈ కాగితాలు వాళ్ళతోనే నిండిపోతాయి కాబట్టి వదిలేస్తున్నాను. మర్చిపోయి కాదు.

ఆ పళ్ళెంలో ఉన్నవి పచ్చి కూరగాయ ముక్కలు. వేలెడు పొడుగున కోసిన దోసకాయ బద్దలు, కీరా చక్రాలు, కారట్, ముల్లంగి, నిలువునా చీల్చిన లేత బెండకాయలు, పుల్లటి మామిడి ముక్కలు. మధ్యలో నంచుకోవడానికి మూడు గిన్నెలు. ఒకదాంట్లో ఆవ నూరి కలిపిన గడ్డ పెరుగు. రెండోదాంట్లో వేయించిన వేరుశెనగ గుళ్ళు, పచ్చిమిరపకాయలు, చింతపండు కలిపి నూరిన ముద్ద. మూడోది కొరివికారం, పండుమిరపకాయలు తొక్కి పెట్టుకున్నది, అందులో కాస్త బెల్లం కలిపి నువ్వులనూనెతో పలచన చేసింది. పొద్దున్నే లేచి అవన్నీ చేసి, ముక్కలు వాడిపోకుండా తడిగుడ్డ కప్పి, పాలకొల్లు నుంచి రాజమండ్రి దాకా ఒళ్ళోనే పెట్టుకుని తెచ్చింది. దారిలో నేను కాసేపు పట్టుకుంటానంటే, "మీరు కుదుపుకి తట్టుకోలేరండి, డ్రైవరుతో దెబ్బలాట పెట్టుకుంటారు" అని ఇవ్వలేదు.

మా బావమరిది ఆ మాట అన్నాక కేటరింగువాళ్ళలో ఒకతను పళ్ళేన్ని తీసుకెళ్ళి బల్ల కింద, ఖాళీ నీళ్ళ క్యాన్ల పక్కన పెట్టాడు. వచ్చినవాళ్ళెవరూ దాన్ని చూడలేదు. సాయంత్రం నేనే వంగి బయటికి తీశాను. పెరుగు పులిసిపోయింది. ముక్కలు మెత్తబడ్డాయి. అవన్నీ తిరిగి పాలకొల్లు తెచ్చి, అయిపోయేదాకా నేనే తిన్నాను. ఆ రోజు ఆ ఇంట్లో మెతుకు ముట్టలేదు. ఆ తర్వాత ఆ గడప తొక్కలేదు.

తిరిగొచ్చేటప్పుడు కారులో మా ఆవిడ, "ఏదో సరదాకన్నాడండి. వాడి నోరే అంత" అంది.

"సరదా అయితే బల్ల కింద ఎందుకు పెట్టించాడు."

"వాడు పెట్టించాడా ఏంటి. కేటరింగు అబ్బాయి పెట్టాడు."

"మీవాడి మాట విని పెట్టాడు."

ఆవిడ సీటుకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. "పాలకొల్లులో మీరు అర్జీ పెట్టనిది ఒక్క శివుడి మీదేనండి. ఆయన కూడా ఎప్పుడు తన వంతు వస్తుందా అని చూస్తూ ఉంటాడు."

అబద్ధం కాదు. మాది ఇనప సామాన్ల కొట్టు, పైన మేడ మీద కాపురం. కొట్టు ముందు మురిక్కాలవ పూడిపోతే నేను తిరగని ఆఫీసు లేదు. ఎక్కినవాళ్ళు కూర్చునేలోపల బస్సు కదిలించిన డ్రైవర్ మీద చెప్పాను. పెళ్ళి విందులో నా విస్తరి దాటించి పక్కవాడికి బూరె వేసిన మనిషి ముఖం గుర్తుంది. నేను చెప్పిన ఏ ఫిర్యాదులోనూ తప్పు మాట లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అది కొందరికి నచ్చదు. మా ఆవిడకి మాత్రం అదే పనికొచ్చింది, అది కూడా వంటింట్లో.

ఎలాగంటే, పచ్చి ముక్కల సంగతికి ముందు చేదు సంగతి చెప్పాలి. దోసకాయ పైకి ఎంత నిగనిగలాడినా లోపల చేదుందో లేదో చూపుకి తెలియదు. ఒకే పాదుకి కాసిన రెండింటిలో ఒకటి కమ్మగా ఉంటుంది, రెండోది నోట్లో పెట్టుకోలేం. అందుకని తరిగేముందు తొడిమ దగ్గర చిన్న ముక్క తీసి నమిలి చూడాలి. ఏ ఇంట్లోనైనా కోసేవాళ్ళే ఆ ముక్క నోట్లో వేసుకుంటారు. మా ఆవిడది పెనుగొండ. వాళ్ళ పుట్టింట్లో ఏది చేసినా ముందు దేవుడి ముందు పెట్టి ఆ తర్వాతే మనుషులు తినాలి. కత్తిపీట ముందు కూర్చున్న మనిషి ముక్క కొరికితే చెయ్యి ఎంగిలి, కత్తిపీట ఎంగిలి, కూరంతా ఎంగిలి. కాబట్టి వాళ్ళింట్లో ఒకరు కోస్తే ఇంకొకరు పక్కన నిలబడి చేదు చూడాలి. వాళ్ళమ్మగారు కోస్తుంటే చిన్నప్పుడు చేదు చూసే పని మా బావమరిదిదట.

"వాడు దొంగండి" అని మా ఆవిడ నవ్వుతూ చెప్పేది. "కాయ కమ్మగా ఉందనుకోండి, ముఖం అంతా ముడిచేసి, చేదమ్మా, విషమమ్మా అనేవాడు. అమ్మ పారెయ్యమనేది. వాడు పెరట్లోకి తీసుకెళ్ళి ఉప్పు అద్దుకుని కాయంతా తినేసేవాడు. నిజంగా చేదైతే మాత్రం బుద్ధిగా పారేసేవాడు. అమ్మకి చాలాకాలం తెలీలేదు. నాకు తెలుసు. నాకూ సగం పెట్టేవాడు."

పెళ్ళయి మా ఇంటికొచ్చిన కొత్తలో ఆవిడ పక్కన చేదు చూసేవాళ్ళు లేరు. తనకి తాను నోట్లో వేసుకోదు, ఎవర్నైనా అడగడానికి మొహమాటం. ఒకరోజు దోసకాయ పప్పు పూర్తిగా చేదై కూర్చుంది. మా అమ్మ కంచం ముందునుంచి లేచి, "పుట్టింట్లో చేదు చూడ్డం కూడా నేర్పలేదా" అంది. మా అమ్మే అయినా ఆ మాట నేను మర్చిపోలేదు. మర్నాడు దోసకాయ కోసే వేళకి కొట్టు వదిలేసి మేడ మీదికెళ్ళి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. మా ఆవిడ తలెత్తి చూసింది. ఏమీ అడక్కుండా తొడిమ దగ్గర చిన్న ముక్క తీసి, చెయ్యి తగలకుండా ఎత్తునుంచి నా అరచేతిలో పడేసింది. నమిలాను.

"చేదా?"

"కాదు."

మా కాపురం అంతా ఆ రెండు మాటల మీదే నడిచిందంటే ఎక్కువ చెప్పినట్టు కాదు. మాకు పిల్లల్లేరు. ఇంట్లో మాట్లాడుకోవడానికి మరీ ఎక్కువ విషయాలుండేవి కావు. దెబ్బలాడుకున్న రోజుల్లో కూడా ఆవిడ ముక్క విసిరేది, నేను నమిలి చెప్పేవాణ్ణి. చేదైతే చేదు, కాకపోతే కాదు. పోనీలే అని ఎప్పుడూ అనలేదు. "మీరు చెప్పాక నేను మళ్ళీ చూడక్కర్లేదండి" అనేది. ఈ ఊళ్ళో నేను అన్న మాటని మళ్ళీ చూడకుండా నమ్మిన మనిషి ఆవిడ ఒక్కతే.

తర్వాత నాకు షుగరు వచ్చింది. నాలుగింటికి కొట్లో టీతోపాటు తినే బజ్జీలు, పునుగులు మానెయ్యమన్నారు. నేను రెండు రోజులు ముఖం మాడ్చుకుని కూర్చున్నాను. అప్పుడు మొదలైంది పళ్ళెం. ఏ కాలానికి దొరికేవి ఆ కాలానికి, పచ్చివే, మేడ మీదనుంచి దిగొచ్చేవి. నంచుకోవడానికి రోజుకోటి చేసేది. వేరుశెనగ ముద్ద, నువ్వుల ముద్ద, కొత్తిమీర పచ్చిమిర్చి నూరిన పెరుగు, ఏమీ లేకపోతే ఉప్పూ కారం నిమ్మరసం. అన్నిటిలోకీ నాకిష్టం ఆవపెరుగు. నానబెట్టిన ఆవాలు, పచ్చిమిరపకాయ, ఉప్పు, చిటికెడు పసుపు, కాస్త పచ్చికొబ్బరి చిన్న రోట్లో వేసి మెత్తగా నూరి గడ్డ పెరుగులో కలిపేది. దోసకాయ ముక్క అందులో ముంచి కొరికితే ఘాటు ముక్కులోంచి నడినెత్తికెక్కి కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి. "ఘాటెక్కిందా" అని పైనుంచి అడిగేది. "ఎక్కింది" అని కిందనుంచి అరిచేవాణ్ణి. కొట్లో మేకులు కొనుక్కోవడానికి వచ్చినవాళ్ళు మా ఇద్దర్నీ వింతగా చూసేవారు.

అలాంటి పళ్ళేన్ని అతను మేకల మేత అన్నాడు.

కిందటేడు వానలు మొదలయ్యేముందు మా ఆవిడకి కడుపులో గడ్డ ఉందని తేలింది. రాజమండ్రి ఆసుపత్రిలో మందు ఎక్కించారు. జుట్టు పోయింది. మనిషి సగమైంది. దేనికీ ఆవిడ పెద్దగా బాధపడలేదు, నోటి రుచి పోయినందుకు మాత్రం పడింది. అన్నం చేదు, మజ్జిగ చేదు, చివరికి మంచినీళ్ళు కూడా చేదే. డాక్టరుగారిని అడిగితే, "మందు ప్రభావం అమ్మా. ఒంట్లోంచి దిగేకొద్దీ రుచి తెలుస్తుంది. రుచి తెలిస్తే ఆకలేస్తుంది, ఆకలేస్తే మీరే లేచి తిరుగుతారు" అన్నారు. ఆయన రోజుకి ఎంతమందితో అంటారో ఆ మాట. మా ఆవిడ దాన్ని గట్టిగా పట్టుకుంది.

ఇంటికొచ్చాక, "దోసకాయ నాకు దోసకాయలా ఉన్న రోజున నేను లేస్తానండి. రోజూ సాయంత్రం ఒక ముక్క పెట్టండి" అంది.

కాబట్టి కత్తిపీట నా ముందుకొచ్చింది. కిటికీ పక్కన మంచం వేసి, ఆవిడకి కనబడేలా గదిలోనే కింద కూర్చుని కోసేవాణ్ణి. అంత నీరసంలోనూ పద్ధతి వదల్లేదు. "నోట్లో వేసుకోకండి. ముందు లేవండి, చెయ్యి కడుక్కోండి, అప్పుడు తినండి" అని మంచం మీదనుంచే చెప్పేది. నేను లేచి, చెయ్యి కడుక్కుని, ముక్క నమిలి చేదు లేదని చెప్పేవాణ్ణి. తర్వాత ఆవిడకి పెట్టేవాణ్ణి. ఆవిడ కళ్ళు మూసుకుని మెల్లిగా నమిలేది.

"చేదు" అనేది. "రేపు చూద్దాం."

ఆవపెరుగు కూడా నేనే చెయ్యాల్సి వచ్చింది. మొదటిసారి ఆవాలు నలక్కపోతే మరిగిన నీళ్ళు పోసి నూరాను. మెత్తగా వెన్నలా వచ్చింది. మురిసిపోయి తీసుకెళ్ళి చూపించాను. ఆవిడ గిన్నె వైపు చూసి, "నీళ్ళేం పోశారు" అంది. చెప్పాను. ఆ జబ్బు మొదలయ్యాక ఆవిడ అంతలా నవ్వడం అదే. "వేణ్ణీళ్ళు పోస్తే ఆవ చచ్చిపోతుందండి. ఘాటంతా పోతుంది. పెరుగులో పసుపు కలుపుకుని తిన్నట్టే. చన్నీళ్ళే పొయ్యాలి." తల ఊపాను కానీ నాకు చన్నీళ్ళతో ఎప్పుడూ సరిగ్గా నలగలేదు. అందుకని తర్వాత కూడా వేణ్ణీళ్ళే పోసేవాణ్ణి. నాకు ఘాటు అక్కర్లేదు, పక్కన గిన్నె ఉంటే చాలు అన్నాను. "మీ మొండితనం ఆవాల మీద కూడానా" అంది.

మా బావమరిది వారం వారం కొబ్బరిబోండాలు వేసుకుని వచ్చేవాడు. అతని కారు వీధిలో ఆగగానే నేను మెట్లు దిగి కొట్లోకి వెళ్ళిపోయేవాణ్ణి. అతను "బావగారూ" అని పలకరించేవాడు. నేను మేకులు తూచుకునేవాణ్ణి. గృహప్రవేశం తర్వాత అతనితో నేను ఒక్క మాట మాట్లాడలేదు. తన అక్క మంచంలో ఉంటే మాట్లాడాలని కొందరన్నారు. అక్క మంచంలో ఉందని అన్న మాట వెనక్కి పోతుందా?

రోజులు గడిచేకొద్దీ మా ఆవిడలో ఒక అనుమానం మొదలైంది. తన నాలుక కాదు, కాయలే చేదేమోనని. ఒక కొట్లో కాయలు మంచివి కావంటే ఇంకో కొట్లో తెచ్చాను. తర్వాత గోదావరి లంకలోంచి గంప ఎత్తుకొచ్చే ఆవిడ దగ్గర తెచ్చాను. ఆ రోజు తెచ్చిన కాయ నేను నా జన్మలో తిన్న దోసకాయల్లో మంచిది. కోస్తుంటేనే గదంతా వాసన. చెయ్యి కడుక్కుని తిన్నాను. మా ఆవిడకి పెట్టాను. చాలాసేపు నమిలింది.

"చేదు" అంది.

"లేదు. ఇది లేదు. ఇది చాలా బాగుంది."

"మీకు తెలీట్లేదండి. మీరూ షుగరు బిళ్ళలు మింగుతున్నారు కదా ఇన్నేళ్ళుగా. మీ నోరూ పాడయ్యుంటుంది."

"నా నోటికేం కాలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా తప్పు చెప్పానా నేను."

ఆవిడ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. "తమ్ముడొచ్చాడు కదా కింద. వాణ్ణి పిలవండి. వాడు చెప్తాడు."

నా పని ఇంకొకరికి ఇవ్వడం అదే మొదలు. లేచి మెట్ల దగ్గరికెళ్ళాను. అతను కింద బోండాలు దింపిస్తున్నాడు. "మీ అక్క పిలుస్తోంది" అన్నాను. అన్నేళ్ళకి నేను అతనితో అన్న మొదటి మాట అది. అతను చేతిలో ఉన్న బోండాం అలాగే పట్టుకుని పైకొచ్చేశాడు.

"ఒరేయ్, ఇది తిని చెప్పరా. చేదా కాదా. మీ బావగారు కాదంటున్నారు" అంది మా ఆవిడ.

అతను ముక్క నోట్లో వేసుకున్నాడు. నేను అతని దవడ వైపే చూస్తున్నాను. చేదు తగిలిన మనిషి ఎక్కడో ఒకచోట నమలడం ఆపుతాడు. అతను ఆపలేదు. శుభ్రంగా నమిలి మింగాడు. మింగాక అక్క ముఖం వైపు చూశాడు. ఆవిడ రెండు చేతులూ దుప్పటి మీద పెట్టుకుని, బడిలో ఫలితాల కోసం కూర్చున్నట్టు కూర్చుంది.

అతను ముఖం అంతా ముడిచాడు. "చేదక్కా. మామూలు చేదా, విషం. బావగారికి నోరు పోయింది."

"చెప్పానా" అంది మా ఆవిడ నాతో. "నా నాలుక బాగానే ఉందండి. కాయే చేదు."

ఆ సాయంత్రం గ్లాసుడు మజ్జిగ తాగింది. చేదనలేదు.

నేను పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. వెనకే అతనొచ్చాడు. పళ్ళెంలోంచి ముక్క తీసుకున్నాడు. ఉప్పుడబ్బా ఎక్కడుందో వెతికి అద్దుకుని తిన్నాడు. ఇంకోటి తీసుకున్నాడు. తొట్టి దగ్గర గోడవైపు తిరిగి నిలబడి, మిగిలిన కాయంతా అలాగే తిన్నాడు.

"విషం అన్నావు కదా. ఎందుకు తింటున్నావు" అన్నాను.

"మీరన్నదే నిజం బావగారూ. కాయ అమృతంలా ఉంది."

"ఆ మాట లోపలికెళ్ళి చెప్పు."

"చెప్పనండి."

"నన్ను అబద్ధాలకోర్ని చేశావు ఆవిడ దగ్గర."

"చేశానండి." ఖాళీ పళ్ళెం కడిగి బోర్లించాడు. "కాయ బాగుందంటే అక్క బాగోలేనట్టు. అది అక్కతో అనడానికి నాకు నోరు రాలేదు. మీకొస్తుంది. మీరు ధైర్యవంతులు."

అది పొగడ్తో దెప్పుడో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. తేలేదాకా దెప్పుడు కిందే ఉంచుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆవిడ దగ్గరికెళ్ళి, అతను కాయంతా తిన్నాడని చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను. సాక్ష్యం నా చేతిలో ఉంది. ఆవిడకి ఆ సాక్ష్యం అర్థమైనట్టు ఇంకెవరికీ అర్థం కాదు. పొద్దున వెళ్తే ఇడ్లీ ముక్క తింటోంది. తనంతట తనే అడిగి పెట్టించుకుందని పనిమనిషి చెప్పింది. సరే, మధ్యాహ్నం చెబుదామనుకున్నాను. మధ్యాహ్నం నిద్రపోయింది. సాయంత్రం నేను కత్తిపీట తెచ్చుకుని కూర్చోగానే ఆవిడే అడిగింది.

"నిన్నటి కాయ మిగతాది ఏం చేశారండి?"

నేను తొడిమ తీస్తున్నాను. తలెత్తలేదు. నేను చెప్పాలనుకున్నది చెప్పమని ఆవిడే అడిగింది. ఒక్క మాట చాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆవిడ నిన్న తాగిన మజ్జిగ, పొద్దున తిన్న ఇడ్లీ గుర్తొచ్చాయి.

"పారేశాను. చేదు కాయ ఎవరు తింటారు" అన్నాను.

వీధిలో ఎవరిదో స్కూటరు స్టార్టవుతూ ఆగిపోతూ ఉంది.

"మీరు పారేశారా" అంది చివరికి. "మీరు ఏదీ పారెయ్యరు కదండీ. వాడి గృహప్రవేశంలో పులిసిపోయిన ముక్కలు కూడా ఇంటికి మోసుకొచ్చుకున్నారు." తర్వాత మెల్లిగా, "మీరు కూడా మొదలెట్టారా" అంది.

నిజం చెప్పి ఓడిపోయిన రోజులు నాకు చాలా ఉన్నాయి. అబద్ధం చెప్పి దొరికిపోవడం అదొక్కసారే.

"వాడు తిన్నాడు కదా."

"తిన్నాడు."

"అంతా?"

"అంతా. ఉప్పేసుకుని."

ఆవిడ పెదాలు కొంచెం కదిలాయి. నవ్వే. "వెధవ" అంది. "ఈసారి నాకు సగం పెట్టలేదు." ఆ తర్వాత ఆ నవ్వు ఎటు పోయిందో పోయింది. "అయితే కాయ బాగుందన్నమాట."

"బాగుంది."

"నా నాలుకే."

నేను కత్తిపీట మడిచాను. ఆవిడ ఒప్పుకోలేదు. "కొయ్యండి. ఇవాళ నాకొద్దు. మీరు తినండి, నేను చూస్తాను. చాలా రోజులైంది మీరు పళ్ళెం ముందు కూర్చుని తినగా చూసి. ఎప్పుడూ కింద కొట్లోనే కదా తినేవారు."

కోశాను. లేచాను. చెయ్యి కడుక్కున్నాను. మంచం పక్కన కుర్చీ వేసుకుని పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తిన్నాను. ఆవపెరుగులో ముంచుకుంటూ ఒక్కొక్క ముక్కే తిన్నాను. దోసకాయ కరకరమంటుంటే ఆ చప్పుడు గదిలో మరీ పెద్దగా వినిపించింది. ఆవిడ తలగడ మీద పక్కకి తిరిగి నా నోటివైపే చూస్తోంది. సగం తిన్నాక ఇక మింగుడుపడలేదు. ముక్క నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాను. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి రెండు చేతులకీ పెరుగే.

"ఘాటెక్కిందా" అంది.

అది నేను వేణ్ణీళ్ళు పోసి నూరిన ఆవ. ఆవిడకి తెలుసు.

"ఎక్కింది" అన్నాను.

"చన్నీళ్ళు పోశారన్నమాట" అంది. ఈ అబద్ధాన్ని మాత్రం వదిలేసింది.

ఆ తర్వాత ఆవిడ దోసకాయ అడగలేదు. నేనూ తేలేదు. లంక నుంచి వచ్చే ఆవిడ గంప మా గుమ్మం ముందు దింపుకుని, "కాయలొద్దాండి" అంటే, వద్దని చెప్పడానికి కూడా నేను కిందికి దిగలేకపోయాను. వానలు తగ్గకముందే మా ఆవిడ పోయింది. అప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆ రోజు గురించి ఇంకేమీ రాయలేను.

పెద్దకర్మ రోజున వంటలన్నీ మా బావమరిది చూశాడు. ఆవిడకిష్టమైనవని గారెలు, పులిహోర, దోసకాయ పప్పు చేయించాడు. పచ్చి ముక్కల సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఇందులో వాళ్ళ తప్పేం లేదని మీరంటారు, నేననను. ఆవిడ చేత్తో చేసిన పళ్ళెం ఆ వచ్చినవాళ్ళలో సగంమంది తిన్నారు. మా మేడెక్కి, కాళ్ళు బార్లా జాపుకుని, ఇంకాస్త పెరుగు వెయ్యమ్మా అని అడిగి మరీ తిన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. ఆవాలు నానబెట్టుకున్నాను. చన్నీళ్ళు పోసి నూరాను. చెయ్యి నొప్పెట్టేదాకా నూరితే నలిగింది. నలుగుతుందని తెలుసుకోవడానికి ఆవిడ పోవాల్సి వచ్చింది.

నేను పళ్ళెం తీసుకుని బయటికి వచ్చేసరికి వడ్డన అయిపోవస్తోంది. ఎవరో, "ఇప్పుడవెందుకండీ" అన్నారు. ఎవరో నాకు తెలుసు. విస్తరి ముందు కూర్చున్న మా బావమరిది లేచి వచ్చి నా చేతుల్లోంచి పళ్ళెం అందుకున్నాడు. బల్ల కింద పెట్టలేదు. మధ్యలో పెట్టాడు. ఒక దోసకాయ బద్ద తీసుకుని ఆవపెరుగులో ముంచి కొరికాడు. ఘాటుకి కళ్ళు ఎర్రబడి, ముక్కు పట్టుకుని, పెరటి వైపు వెళ్ళిపోయాడు.

నేను మంచినీళ్ళ గ్లాసు తీసుకుని వెనకే వెళ్ళాను. అతను తాగి, గ్లాసు వైపే చూస్తూ అన్నాడు.

"బావగారూ. ఆ రోజు మిమ్మల్ని అక్క దగ్గర అలా చేసినందుకు మీరు నన్ను క్షమించరని తెలుసు. క్షమించొద్దు లెండి. కానీ అక్క నా మాట నమ్మింది కదండీ. తన నాలుక బాగానే ఉందనుకుని పోయింది. నాకది చాలు."

ఇన్నేళ్ళుగా అతన్ని దెబ్బతీయగల మాట కోసం నేను వెతికాను. మేకలన్నందుకు, బల్ల కింద పెట్టినందుకు, నా పని నా చేతిలోంచి లాక్కున్నందుకు. ఆ మాట ఇప్పుడు నా దగ్గర సిద్ధంగా ఉంది. నమ్మలేదు. చిన్నప్పటి నీ దొంగబుద్ధి మీ అక్కకి తెలుసు, మర్నాటికే కనిపెట్టేసింది. అంతే అనాలి. అది నిజం కూడా.

అతను గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఏదో వినాల్సిన మనిషిలా ఉన్నాడు.

"నమ్మింది" అన్నాను.

అతను తల ఊపి, గ్లాసు నా చేతికిచ్చి లోపలికి వెళ్ళాడు.

ఇది అతను చదువుతాడని నాకు భయం లేదు. అతను పుస్తకాలు చదవడు. చదివినా మొదటి వాక్యం దగ్గరే, బావగారు ఇంకా ఆ మేకల గొడవ వదల్లేదని నవ్వి పక్కన పెట్టేస్తాడు. వదల్లేదు. వదలను కూడా.

ఇప్పుడు నాలుగింటికి నేనే కోసుకుంటాను. తొడిమ దగ్గర ముక్క తీసి, కత్తిపీట మీదనుంచి లేచి, చెయ్యి కడుక్కుని, అప్పుడు నోట్లో వేసుకుంటాను. దేవుడికి పెట్టేది లేదు, ఇంట్లో ఎంగిలి పట్టించుకునే మనిషి లేదు. అయినా లేస్తాను, చెయ్యి కడుక్కుంటాను. చేదు లేకపోతే కాసేపు గుమ్మంలో అలాగే నిలబడతాను. అక్కడినుంచే కదా ఇన్నేళ్ళూ జవాబు చెప్పింది. కాయ చేదైన రోజున అంత బాధ ఉండదు. బాగున్న రోజునే మిగతాది తినలేను.